రెక్క ఆడించని విమానం

విమానం ఎట్లా ఎగురుతుందో తెలుసుకోవాలంటే శంషాబాదు దాకా ప్రయాణం పెట్టుకోనక్కరలేదండీ. పాత ఆదిలాబాదు జిల్లాలో, అంటే 2016 నుంచి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో, పెంచికలపేట అడవుల్లో పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట ఉంది. నిలువునా కోసినట్టుండే ఆ గుట్ట అరుగుల మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నాయని 2013లో బయటపడింది. ఒక్కొక్కటి ఐదారు కిలోల బరువు. చాచిన రెక్కల కొలత ఏడడుగుల దాకా ఉంటుంది. అంత పక్షీ రెక్క ఆడించకుండా గాలిలో చాలాసేపు తిరుగుతుంది.

“మామా, మరి గది కింద పడతలేదెందుకే?” అన్నాడు మా మేనల్లుడు. ప్రశ్న చిన్నది కాదు.

విమానం మీద నాలుగు బలాలు పనిచేస్తాయి. బరువు కిందికి లాగుతుంది, రెక్క పైకి ఎత్తుతుంది, ఇంజను ముందుకు తోస్తుంది, గాలి వెనక్కి ఈడుస్తుంది. ఒకే ఎత్తున, ఒకే వేగంతో తిన్నగా పోతూ ఉంటే ఎత్తే బలానికి బరువూ, తోసే బలానికి ఈడ్చే బలమూ సరిసమానం. ఈ లెక్కను విడదీసి చూసినవాడు జార్జి కేలీ అనే ఇంగ్లీషు పెద్దమనిషి. 1799లో ఒక వెండి బిళ్ల మీద బొమ్మ చెక్కించి దాచుకున్నాడు.

ఇంతకూ రెక్క ఎట్లా ఎత్తుతుంది? బస్సు కిటికీలోంచి అరచెయ్యి కాస్త బయటపెట్టి, ముందంచు పైకి వంచి చూసినవారికి (కండక్టరు తిట్టినా సరే) జవాబు తెలుసు. చెయ్యి గాలిని కిందికి మళ్లిస్తుంది, గాలి చేతిని పైకి నెడుతుంది. రెక్కపైన ఒత్తిడి తగ్గి కింద హెచ్చడం కూడా ఇదే సంగతికి రెండో ముఖం. పైగాలికి దారి ఎక్కువ కనుక పరుగెత్తి, వెనకంచు దగ్గర కిందిగాలిని కలుసుకుంటుందని కొన్ని పుస్తకాల్లో ఉండే కథ మాత్రం నమ్మకండి. వాటికి అట్లాంటి ఒప్పందమేమీ లేదు. పైగాలి ముందే చేరుకుంటుంది.

మరి రాబందుకు ఇంజనేదీ? బరువే ఇంజను! తొక్కకుండా వాలులో సైకిలు పోయినట్టు, కొద్దికొద్దిగా దిగుతూ ముందుకు సాగుతుంది. ఒక్కడుగు దిగేలోగా పదడుగులకు పైగా ముందుకు పోతుంది. దిగేది పైకెట్లా పోతుందంటారా? పొద్దెక్కి బండలు కాగితే వేడిగాలి పైకి లేస్తుంది. పక్షి దిగే వేగం కన్నా గాలి లేచే వేగం ఎక్కువ. పైకి పోయే ఎస్కలేటరు మీద నెమ్మదిగా కిందికి దిగే మనిషిలాగా, దిగుతూనే ఎక్కుతుంది. మే నెల రామగుండం ఎండలో గాలి పలచబడితే విమానం లేవడానికి మరింత దూరం పరుగెత్తాలి. అదే ఎండ రాబందుకు వాహనం. సంపాతి ఎండకు రెక్కలు కాల్చుకున్నాడు గాని, అతని వంశంవారు తెలివైనవారు!

ఇంత నేర్చిన పక్షిని పడగొట్టింది గాలి కాదు, సూదిమందు. నొప్పికని పశువుకు డైక్లోఫెనాక్ ఇస్తే, ఆ కళేబరం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి. 1990ల నుంచి మన దేశంలో ఈ జాతి నూటికి తొంభైకి పైగా పోయింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు దొడ్లలోకి చేరుతున్నాయని 2015లో వాటినీ ఆపారు. మెలాక్సికం అనే మందు రాబందులకు హాని చెయ్యదు. రాబందుల జంట ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే.