ఎక్స్‌పోర్ట్ బటనే కదా!

మన ప్రాజెక్టు రివ్యూల్లో ఎక్స్‌పోర్ట్ ఎప్పుడూ చిట్టచివరి స్లైడే. లాగిన్ అయ్యాక, డాష్‌బోర్డు అయ్యాక, "ఇక్కడ క్లిక్ చేస్తే ఎక్సెల్ వస్తుంది సార్" అని ఒక్క మాట. సార్ క్లిక్ చేస్తారు, ఇరవై వరసల ఫైలు దిగుతుంది, మార్కులు పడతాయి. ఆ ఇరవై వరసలూ ముందురోజు రాత్రి మనమే టైపు చేసినవి. నన్నడిగితే మార్కులు వేయాల్సింది ఆ బటన్‌కే. వెబ్ అప్లికేషన్ రాసినవాడి పనితనం అక్కడే బయటపడుతుంది.

మనం మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: డేటాబేసులోని వరసలన్నీ ఒక లిస్టులోకి లాగడం, లిస్టుని ఫైలుగా మార్చడం, బ్రౌజరుకి పంపడం. ఐదు లక్షల వరసలొస్తే ఆ లిస్టంతా మెమరీలో కూర్చుంటుంది. ఫైలు తయారవుతుంటే అదే డేటా ఇంకో రూపంలో రెండోసారి కూర్చుంటుంది. పీహెచ్‌పీలో ఒక స్క్రిప్టుకి డిఫాల్ట్‌గా ఇచ్చేది 128 ఎంబీ. ముందు ఎన్‌జినెక్స్ ఉంటే, వెనకనుంచి 60 సెకన్లపాటు ఒక్క బైటూ రాకపోతే 504 చూపించి తప్పుకుంటుంది. అప్పుడు యూజర్ ఏం చేస్తాడు? మళ్ళీ నొక్కుతాడు. లోపల మొదటి క్వెరీ ఇంకా నడుస్తూనే ఉండొచ్చు.

పెళ్ళి భోజనాల్లో అన్నం గుండిగ ఎత్తుకొచ్చి విస్తరి ముందు పెట్టరు కదా, బకెట్లోకి తోడుకుని వరసగా వడ్డిస్తారు. స్ట్రీమింగ్ అంటే అంతే. వెయ్యి వరసలు చదువు, పంపు, వదిలెయ్, తర్వాతి వెయ్యి. మెమరీ పెరగదు. కానీ ఆ వెయ్యేసి తోడుకోవడానికి ఆఫ్‌సెట్ వాడకండి. మధ్యలో ఎవరో పై వరస ఒకటి తీసేస్తే మిగతావన్నీ ఒక మెట్టు ముందుకు జరుగుతాయి, ఒక వరస మన చేతికి రాకుండానే జారిపోతుంది. "చివరగా చదివిన ఐడీ కంటే పెద్దవి ఇవ్వు" అని అడగడం మేలు. వేగంగానూ ఉంటుంది.

స్ట్రీమింగ్‌తో అసలు చిక్కు వేరే ఉంది. సగం పంపాక డేటాబేసు కనెక్షన్ తెగిందనుకోండి. అప్పటికే 200 వెళ్ళిపోయింది, దాన్ని వెనక్కి తీసుకోలేం. మన కోడు ఆ ఎర్రర్‌ని మింగేసి మర్యాదగా ముగించిందంటే, సగం సీఎస్‌వీ కూడా నిండు ఫైల్లాగే తెరుచుకుంటుంది. సీఎస్‌వీకి "సమాప్తం" అనే గుర్తేమీ లేదు మరి. ఎర్రర్ పేజీ వస్తే తిట్టుకుంటాం గానీ, కనీసం పని కాలేదని తెలుస్తుంది. సగం ఫైలు ఆ సంగతి చెప్పదు.

ఇది ఊహ కాదు. 2020లో ఇంగ్లండ్‌లో ల్యాబుల నుంచి వచ్చిన కొవిడ్ ఫలితాల సీఎస్‌వీలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకి 65,536 వరసలే పడతాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. పాజిటివ్ వచ్చినవాళ్ళకి కబురు అందింది గానీ, వాళ్ళని కలిసినవాళ్ళని వెతకడం ఆలస్యమైంది. ఇప్పటి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌కీ హద్దుంది, 10,48,576.

"లిమిట్ పెట్టేస్తే పోలా, పది వేలకి మించి ఇవ్వం" అంటాడు మా రూమ్మేట్. పెట్టు, తప్పేం లేదు. కానీ స్క్రీన్ మీద చెప్పి పెట్టు. రేపు ఇదే బటన్‌తో ఎవరో ఫీజు రీయింబర్స్‌మెంట్ జాబితా దించుతారు. 10,001వ వరసలో ఉన్న అమ్మాయి పేరు లేదన్న సంగతి ఆ అమ్మాయికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిసేది కూడా ఎప్పుడు? హాల్‌టికెట్ ఆపినప్పుడు.

అందుకే పెద్ద ఎక్స్‌పోర్ట్‌ని రిక్వెస్టులో చేయొద్దంటాను. బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌కి ఇచ్చి, "తయారవుతోంది" అని యూజర్‌కి చెప్పండి. ఫైల్లో రాసిన వరసల్ని లెక్కపెట్టి, డేటాబేసు ఇచ్చిన లెక్కతో సరిపోతేనే లింక్ ఇవ్వండి. ఆ లెక్కని లింక్ పక్కనే చూపించండి. ఆ లింక్‌కి గడువు పెట్టండి, అడిగినవాళ్ళకే తెరుచుకోవాలి. వేలమంది ఫోన్ నంబర్లున్న ఫైలు అది.

తెలుగు క్లబ్ వాళ్ళం కాబట్టి ఒక సొంత గోడు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింట్‌కీ మూడు బైట్లు. ఫైలు మొదట్లో బామ్ అనే మూడు బైట్ల గుర్తు లేకపోతే చాలా కంప్యూటర్లలో ఎక్సెల్ దాన్ని తెలుగుగా గుర్తుపట్టదు. "కవిత" అని రాసినచోట టోపీలు పెట్టుకున్న ఇంగ్లిషు అక్షరాలూ డిగ్రీ గుర్తులూ కనిపిస్తాయి. దానికి మనోళ్ళు కనిపెట్టిన పరిష్కారం, ఫారంలో "పేరు ఇంగ్లిషులోనే రాయవలెను" అని రూలు పెట్టడం! మూడు బైట్లు రాయడానికి బద్ధకించి భాషనే మార్చుకోమన్నారు.

పోస్ట్‌గ్రెస్‌లో జెనరేట్ సిరీస్ వాడితే ఐదు లక్షల డమ్మీ వరసలు ఒక్క క్వెరీతో వస్తాయి. వచ్చే రివ్యూలో మా బ్యాచ్ వాటితోనే, ప్యానెల్ ముందే, ఆ బటన్ నొక్కబోతోంది. మీ బ్యాచ్ సంగతేంటి?