రీస్టార్ట్ చేసినా రీస్టార్ట్ చెయ్యమంటోంది

మొన్న శనివారం రాత్రి ఓ విండోస్ సర్వర్ మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇన్‌స్టాల్ చెయ్యాల్సొచ్చింది. సెటప్ మొదట్లోనే ఎర్రగుర్తు చూపించింది, మెషీన్ రీస్టార్ట్ చెయ్యాలిట. చేశా. మళ్ళీ అదే. ఇంకోసారి చేశా, మళ్ళీ అదే! క్లయింట్ ఇచ్చిందే రెండు గంటలు. అందులో నలభై నిమిషాలు రీస్టార్ట్‌లకే పోయాయి (ఆ సర్వర్ లేచేలోపు కాఫీ తాగి రావచ్చు).

మా టీమ్‌లో ఒకాయన "దానికంత ఆలోచనెందుకండీ, రిజిస్ట్రీలో ఆ వాల్యూ డిలీట్ కొట్టెయ్యండి" అన్నారు. కొడితే ఎర్రగుర్తు పోతుంది, నిజమే. నా గొడవంతా ఆ సలహాతోనే.

ఆ వాల్యూ పేరు పెండింగ్‌ఫైల్‌రీనేమ్‌ఆపరేషన్స్, సెషన్ మేనేజర్ కీ కింద ఉంటుంది. వాడకంలో ఉన్న ఫైలుని మార్చడం కుదరనప్పుడు, ఇన్‌స్టాలర్ "వచ్చే బూట్‌లో మార్చు" అని అక్కడ చీటీ రాసి పెడుతుంది. లైన్లు జంటలుగా ఉంటాయి. మొదటిది ఇప్పుడున్న ఫైలు, రెండోది దాని కొత్త పేరు. రెండోది ఖాళీగా ఉంటే ఆ ఫైలు తీసెయ్యమని. బూట్ అయ్యేప్పుడు ఎస్ఎమ్ఎస్ఎస్ ఆ పనులు చేసి చీటీ చింపేస్తుంది. అయినా మళ్ళీ కనబడుతోందంటే, సర్వర్ లేచాక ఎవరో మళ్ళీ రాస్తున్నారన్నమాట.

తెరిచి చదివితే అన్నీ స్పూల్ ఫోల్డర్‌లోని పాత ప్రింటర్ డ్రైవర్ ఫైళ్ళే. డేటాబేస్ సర్వర్‌కి ప్రింటరెందుకో ఆ దేవుడికే తెలియాలి! స్పూలర్ సర్వీస్ డిసేబుల్ చేసి రీస్టార్ట్ చేస్తే లిస్టు ఖాళీ. సెటప్ సాఫీగా సాగింది.

సరే, మాది ప్రింటర్ కాబట్టి డిలీట్ కొట్టినా కొంప మునిగేది కాదు. అదే ఏ ప్యాచో సగం మార్చి వదిలిన డీఎల్ఎల్ అయితే? కొత్తవి కొన్ని, పాతవి కొన్ని కలిసి నడుస్తుంటాయి. అది ఏ నెలాఖరు రాత్రో పడిపోతే ఈ డిలీట్ సంగతి ఎవరికి గుర్తొస్తుంది? పైగా విండోస్ అప్‌డేట్‌కి రీబూట్‌రిక్వైర్డ్ అనీ, కాంపోనెంట్ సర్వీసింగ్‌కి రీబూట్‌పెండింగ్ అనీ వేరే గుర్తులున్నాయి. వాటినీ ఇలాగే పీకేసేవాళ్ళని చూశాను.

ఉబుంటులో ఈ బాధ కొంత తక్కువ. రీబూట్ కావాలన్న ఫైలు పక్కనే ఏ ప్యాకేజీలు అడిగాయో ఇంకో ఫైల్లో ఉంటుంది. విండోస్ సెటప్ కూడా "ఫలానా ఫైలు వల్ల" అని ఒక్క ముక్క చెప్తే దాని సొమ్మేం పోయింది?

మా ఇన్‌స్టాలేషన్ చెక్‌లిస్టులో ఏడో స్టెప్పు ఇంకా ఆ డిలీటే. తీసెయ్యమని సోమవారం మెయిల్ పెట్టా. ఇంతవరకూ జవాబు లేదు.