అంగుళానికి ఆరడుగులు

వయసు మళ్ళిన మనిషి పేకాడితే లోకం తప్పు పట్టదు. పాత రేడియో విప్పి మళ్ళీ బిగిస్తూ కూర్చుంటే, "ఆయనకదో పిచ్చి" అని సరిపెట్టుకుంటుంది. బొమ్మ విమానాలు చేస్తున్నాడని తెలిస్తే మాత్రం ఇంట్లోవాళ్ళే గొంతు తగ్గించి చెబుతారు. నాచారంలో మా వీధిన పోయే పెద్దమనుషులు కిటికీలోంచి తొంగిచూసి, "మనవడికా?" అని అడుగుతారు. "కాదండీ, నాకే" అంటే మరి మాట్లాడకుండా సాగిపోతారు. అలాంటివారి కోసమే ఈ విద్య సంగతి నాలుగు ముక్కలు చెప్పాలనిపించింది.

ఇందులో మొదటి పాఠం లెక్క. మా పక్కనే ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ వున్నది. నేలను కొలిచి కాగితం మీదికి దించటం అక్కడ నేర్పుతారు. కిలోమీటరు నేలను రెండు సెంటీమీటర్ల గీతగా కుదిస్తే అది యాభైవేలకు ఒకటి స్కేలు. మాదీ అదే పని. కాకపోతే మాకు బాగా వాడుకలో వున్నది డెబ్బయిరెండుకు ఒకటి. ఈ డెబ్బయిరెండు యెక్కణ్ణించి వచ్చిందంటారా? ఆరడుగులకు డెబ్బయిరెండు అంగుళాలు. ఆరడుగుల మనిషి అంగుళం బొమ్మ అవుతాడన్నమాట.

1942లో అమెరికా నౌకాదళం హైస్కూలు పిల్లల చేత ఈ కొలతలోనే అయిదు లక్షల నమూనాలు చేయించాలని తలపెట్టింది. ముప్ఫయి అయిదు అడుగుల దూరాన వుంచిన నమూనా, అర మైలు దూరాన యెగిరే అసలు విమానమంత కనిపిస్తుంది. వచ్చేది తమవాళ్ళదో శత్రువులదో పోల్చుకోవటం సైనికులకు అలా నేర్పేవారు. ఆటవస్తువు అనేవారికి నా మొదటి సాక్ష్యం ఇది.

రెండో పాఠం నాచారం పారిశ్రామికవాడలో దొరికింది. ప్లాస్టిక్‌ను కరిగించి, వత్తిడితో ఉక్కు అచ్చులోకి నెట్టి వస్తువులు పోసే షెడ్లు అక్కడ వున్నాయి. విదేశాల నుంచి పెట్టెలో వచ్చే విమానపు ముక్కలు కూడా ఆ పద్ధతినే పుడతాయి. అచ్చులు చెక్కటంలో తల పండిన మిత్రుడొకాయన నా మొదటి విమానాన్ని వేలితో తడిమి, "అచ్చు రెండు చెక్కలూ కలిసినచోట గీత మిగిలింది చూడండి. దాన్ని గీకకపోతే యెంత రంగు వేసినా బకెట్టు బకెట్టే" అన్నాడు. ఆనాటి నుంచి ఉప్పు కాగితంతో అరగదీయటానికే నాకు సగం పొద్దు పోతుంది.

ఇప్పుడు నా బల్ల మీద వున్నది డి.హెచ్.9ఎ అనే జంటరెక్కల బాంబరు. అసలుది రెక్క కొస నుంచి కొసకు దాదాపు నలభయి ఆరు అడుగులు. నాది ఏడున్నర అంగుళాల పైచిలుకు. పైరెక్కకూ కిందిరెక్కకూ నడుమ బిగింపు తీగెలుంటాయి. పావంగుళం తీగె ఈ కొలతలో తలవెంట్రుకంత అవుతుంది. ముక్కలు తీసేసిన ప్లాస్టిక్ పుల్లను దీపం సెగన మెత్తబరచి, రెండు కొసలూ పట్టి లాగితే అంత సన్నని పోగు వస్తుంది. చెయ్యి వణికితే తెగుతుంది. ఆనాటి బ్రిటిష్ విమానాల మీద బట్టకు పూసిన ముదురు రంగులో ముఖ్యమైన దినుసులు పసుపు మన్నూ, దీపపు మసీ. ఆ సంగతి తెలిశాక నాకా రంగు కలపటం సులువయింది.

ఇన్ని విమానాలుండగా దీన్నే యెందుకు పట్టుకున్నానంటే, దీని ఒంటి మీద మన వూరి పేరు వుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వారికి ఒక దళానికి సరిపడా విమానాలు కానుక ఇచ్చాడు. ఆ 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు వచ్చింది. విమానాల మీద నిజాం కానుక అని రాసి, హైదరాబాద్ నెంబర్లు వేశారు. 1918 సెప్టెంబరులో దళం ఫ్రాన్సు చేరింది. అక్టోబరు 5న జర్మనీ మీద బాంబులు వేయబోయిన 'హైదరాబాద్ నెం. 12ఎ' శత్రువుల నేల మీద దిగిపోయింది. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. మరి ముప్ఫయి యేడు రోజులకు యుద్ధం ఆగింది. విమానం బెర్లిన్ మ్యూజియానికి, రెండో యుద్ధం తర్వాత పోలెండులోని క్రాకోకూ చేరింది. 1977లో లండన్‌లోని వైమానికదళ మ్యూజియం వారు ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని బదులిచ్చి దాన్ని తెచ్చుకున్నారు. నేటికీ అక్కడే వుంది.

మొన్న మా పక్కింటి ఏడో తరగతి కుర్రవాడు ఈ పేరు చూసి నిలబడిపోయాడు.

"తాతా, గీ విమానం మీద మన వూరి పేరెందుకున్నది?"

"నిజాం ఇచ్చాడురా."

"రాజుకు పైసలెక్కడియి?"

నేను కుంచె కింద పెట్టాను. ఈ ప్రశ్న పెట్టె మీది కాగితంలో లేదు. నగరం చుట్టూ వున్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఆనాడు నిజాం సొంత ఖర్చుకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూమి. తక్కిన రాజ్యం శిస్తు ఖజానాకు పోయేది. రాజు యే పెట్టె తెరిచి ఇచ్చినా, ఆ పెట్టె నింపినవాడు రైతు. విమానమంటే యేమిటో చూడని మనిషి జొన్నలమ్మి కట్టిన శిస్తు, తాను పేరైనా వినని వూళ్ళ మీద బాంబులై రాలింది. కింద వున్నదీ మనుషులే. వాడికి అర్థమయ్యే మాటల్లో ఇదంతా చెప్పాను.

"మరి గిసుంటిది ఎందుకు చేస్తున్నవు తాతా?" అన్నాడు.

దండం పెట్టటానికి కాదన్నాను. ఇంటి లెక్కల పుస్తకంలో రాబడే కాదు, ఖర్చు కూడా రాయాలి గదా. మనవాళ్ళ డబ్బుకు యెవరూ రశీదు ఇవ్వలేదు. ఆ విమానం మీది పేరే రశీదనుకోవాలి. దాన్ని చూడాలంటే లండన్ పోవాలి. లేదా మా కిటికీ దగ్గరికి రావాలి.

కథ అక్కడితో ఆగదు. ఇంగ్లండులో డి.హెచ్.9ఎలు చేసిన వెస్ట్‌లాండ్ కంపెనీ, తర్వాత ఆ విమానం భాగాలనే చాలావరకు వాడుకుని వాపిటి అనే విమానం తయారుచేసింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలో భారత వైమానిక దళపు మొదటి స్క్వాడ్రన్ మొదలయింది ఆ వాపిటీలు నాలుగింటితోనే. ఒక వాపిటి ఢిల్లీలో పాలం మ్యూజియంలో వుంది. ఆ రెండు విమానాలనూ పక్కపక్కన పెట్టి, "రెక్కలు చూడు" అంటే చాలు. పిల్లవాడు మిగతా ప్రశ్నలు తానే అడుగుతాడు. మన బడుల్లో గాజు బీరువాలున్నాయి, వాటిలో ఆటల కప్పులున్నాయి. వాటి సరసన ఇలాంటివి రెండు పెట్టేందుకు జాగా లేకపోదు.

నా విమానానికి ఇక అక్షరాలు మాత్రమే మిగిలాయి. ఆవగింజకంటే చిన్నవి, నా కళ్ళకు ఆనటం లేదు. ఆదివారం నాడు ఆ కుర్రవాణ్ణి రమ్మన్నాను. తప్పు లేకుండా రాయాలని మాత్రం గట్టిగా చెప్పాను.