నేయి మానిన చాలునా?

మా పాఠశాల బాలబాలికలలో అనేకులు తమ యిండ్లకు పాఠకులు కూడ. ఈ హోసూరు ప్రాంతమున తెలుగు కుటుంబముల పెద్దలు ఇంట మాటలాడునది తెలుగు; కార్యాలయముల కాగితములు తమిళమున వచ్చును; వైద్యపరీక్షల పత్రములు ఆంగ్లమున వచ్చును. వానిని చదివి అర్థము చెప్పవలసిన భారము పిల్లలపై పడుచున్నది.

కొంతకాలము క్రిందట పదవ తరగతి బాలుడొకడు తన తండ్రి రక్తపరీక్ష పత్రమును మాకు చూపి, "సార్, కొలెస్టరాల్ 182 ఉంది. 200 లోపలే కదా, మా నాయనకు భయం లేదు కదా?" అని అడిగెను. ఆ తండ్రి మూడేండ్లుగా నేయి ముట్టుట లేదట. మేము క్రింది పంక్తులను చూచితిమి. ట్రైగ్లిజరైడులు 310, హెచ్.డి.ఎల్. 31; ఎల్.డి.ఎల్. 89. మొదటి పంక్తిని చూచి సంతోషించితిమి గాని, తక్కినవి చూచి ఊరకుండలేకపోతిమి.

గుండెకు శత్రువు కొలెస్టరాల్ ఒక్కటే యనియు, నేయి నూనెలు మానిన అది తొలగుననియు మనవారిలో ఒక నమ్మకము స్థిరపడినది. ఇది సగము సత్యము. సగము సత్యమును నమ్మి నిశ్చింతగా నుండుట మిక్కిలి ప్రమాదకరమని మా అభిప్రాయము.

కొలెస్టరాల్ శరీరమునకు కట్టడపు సామగ్రి వంటిది. ట్రైగ్లిజరైడులు వంటచెరకు వంటివి. తిన్నది ఖర్చు కాక మిగిలినప్పుడు, అది నేయియే కానక్కరలేదు, అన్నమైనను, చక్కెరయైనను, మద్యమైనను, కాలేయము దానిని ట్రైగ్లిజరైడులుగా మార్చి రక్తములోనికి పంపును. నీటిలో నూనె కలియనట్లే ఈ రెండును రక్తమున కరగవు. మాంసకృత్తులతో కూడిన సూక్ష్మవాహకములలో ప్రయాణము చేయును. ట్రైగ్లిజరైడులు దించుకొనగా మిగిలిన వాహకశేషములలోని కొలెస్టరాల్ కూడ ఎల్.డి.ఎల్.లోని దానివలెనే ధమనుల గోడలలో చేరగలదు. అంతేగాక ట్రైగ్లిజరైడులు పెరిగినచోట మేలుచేయునదిగా పేరొందిన హెచ్.డి.ఎల్. తరుగును, ఎల్.డి.ఎల్. కణములు చిన్నవై, సంఖ్యలో అధికమగును.

ఇక లెక్క చూడుడు. అనేక పరీక్షాశాలలు ఎల్.డి.ఎల్.ను నేరుగా కొలువక, 1972లో ఫ్రీడ్‌వాల్డ్ మున్నగువారు ప్రకటించిన సూత్రముతో గణించుచున్నవి. ట్రైగ్లిజరైడులలో ఐదవ వంతు 62. దానిని, హెచ్.డి.ఎల్. 31ని, 182 నుండి తీసివేసిన 89 మిగులును. ఆ 89 చూడ ముచ్చటగనే యున్నది. కాని 182 నుండి 31 మాత్రమే తీసివేయుడు: 151 వచ్చును. హాని చేయగల వాహకములన్నిటిలోని కొలెస్టరాల్ ఇదియే. సాధారణముగా ఇది 130 లోపు, ట్రైగ్లిజరైడులు 150 లోపు ఉండవలెను. పురుషులకు హెచ్.డి.ఎల్. 40కి, స్త్రీలకు 50కి తగ్గరాదు.

ఇది ఒక్క యింటి కథ కాదు. తమిళనాడు, మహారాష్ట్ర, ఝార్ఖండ్, చండీగఢ్‌లలో జరిపి 2014లో ప్రకటించిన పరిశోధనలో, మొత్తము కొలెస్టరాల్ అధికముగా నున్నవారు నూటికి 14 మంది, ట్రైగ్లిజరైడులు అధికముగా నున్నవారు సుమారు 30 మంది, హెచ్.డి.ఎల్. తక్కువైనవారు 72 మంది. మొదటి పంక్తిని మాత్రమే చదువువారు ఎందరి కీడును చూడకుండ పోవుదురో ఊహింపుడు.

అట్లని ఆ ఒక్క సంఖ్యను మందుతో దించిన సరిపోవునని తలపరాదు. 2022లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో పదివేలకు పైబడిన మధుమేహ రోగులపై ఒక మందును పరీక్షించిరి. ట్రైగ్లిజరైడులు నాలుగవ వంతు తగ్గెను. గుండె జబ్బులు మాత్రము తగ్గలేదు. కావున సంఖ్యలన్నిటిని కలిపి చదువవలెను. వాని వెనుకనున్న కారణమును వెదకవలెను. అదుపు తప్పిన మధుమేహము, థైరాయిడ్ లోపము, మద్యము, స్థూలకాయము, వంశపారంపర్యము, ఇవన్నియు కారణములు కావచ్చును.

ఆ తండ్రి నేయి మానెను గాని, దినమునకు ఐదారు కప్పుల తీపి కాఫీ మానలేదు, మూడు పూటల అన్నము తగ్గలేదు, నడక లేదు. పత్రమును మరల వైద్యునికి చూపుమని మేము చెప్పితిమి. చూపగా మధుమేహము బయటపడినది. ఇప్పుడాయన చికిత్సలో నున్నాడు. సాయంకాలము కుమారునితో చెరువుగట్టుపై నడచుచున్నాడు.

తెలుగులో చదివిన ఏమి లాభమని మమ్ము అడుగువారు కలరు. ఆంగ్లపు కాగితములోని అంకెకు ఇంటి భాషలో అర్థము చెప్పి తండ్రిని వైద్యుని యొద్దకు కదలించిన ఆ బాలుడే మా సమాధానము. విద్యార్థులారా! మీ యింట అట్టి పత్రమున్న నేడే తీసి చూడుడు. మొదటి పంక్తితో ఆగకుడు.