విద్యార్థుల కళాయాత్ర

ఏటేట శీతకాలము రాగానే మన పాఠశాలలును కళాశాలలును బాలబాలికలను బస్సులకెక్కించి యాత్రలకు గొనిపోవుచున్నవి. వీనికి విద్యాయాత్రలని పేరు. ఆ పేరులో సగము మాత్రమే నిజము. యాత్ర యున్నది గాని విద్య లేదు. చలనచిత్రములకై కట్టిన అట్టగోడల నగరమునో, జలక్రీడలకై కట్టిన ఉద్యానమునో యొక పగలు చూపించి, రాత్రికి మరల నిల్లు చేర్చుచున్నారు. పిల్లలు ఆడుకొనుట దోషమని మేమనము. ఆటకు ఆట యనియే పేరు పెట్టవచ్చును. విద్య పేరిట తలిదండ్రులయొద్ద రుసుము గైకొని ఆట చూపి పంపుట మాత్రము సత్యమునకు దూరము.

నాటకమును, దానిని పోషించు ఇతర కళలను నేర్పుటకై యేడు దినముల యాత్ర యొకటి ఏర్పఱుపవలెననియు, అది జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో సాగవలెననియు మా వాదము. ఈ మాట విన్నవారు కొందఱు నవ్వుదురు. నాటకము నేర్వవలెనన్న ఢిల్లీకో లండనుకో పోవలెను గాని మానుకోట పల్లెలలో నేమున్నదని యడుగుదురు. వారికి మా ప్రత్యుత్తరమిది.

జనగామ జిల్లాలో దేవరుప్పుల మండలమొక్కటి చాలును. చిందు యక్షగానమునకై జీవితము ధారపోసి 2024లో పద్మశ్రీ పురస్కారము నందిన గడ్డం సమ్మయ్యగారి గ్రామము అప్పిరెడ్డిపల్లి యీ మండలములోనిదే. 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమురయ్య తుపాకిగుండునకు బలియైన కడవెండియు నీ మండలములోనిదే. విసునూరు దేశముఖు నెదిరించి తన భూమికై నిలిచి హత్యకు గుఱియైన షేక్ బందగీ ఇచ్చటి కామారెడ్డిగూడెమువాడు. అతని కథయే 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు రచించిన ‘మాభూమి’కి బీజమైనది. ప్రజానాట్యమండలి యా నాటకమును ఊరూర నాడినది. నాటకమునకు కథ యెచ్చటనుండి వచ్చునో పాఠ్యపుస్తకము వంద పుటలలో చెప్పలేకపోవచ్చును. కామారెడ్డిగూడెములో నిలిచి పెద్దల మాటలు విన్న విద్యార్థికి ఒక్క పూటలో తెలియును.

చిందు మేళములో కుటుంబమే నాటకసమాజము. తండ్రి కథ నడపును. తల్లి వేషము గట్టును. కొడుకు మద్దెల పట్టును. ఊరి బయలే రంగస్థలము. తెరలు లేవు, విద్యుద్దీపముల మాయలు లేవు. గొంతుకయు, అడుగును, వేషమును కలిసి రాత్రియంతయు జనులను కదలనీయవు. ఇక ఒగ్గుకథ చూడుడు. కథకుడొక్కడే యొక క్షణమున తల్లి, మఱుక్షణమున బిడ్డ, అంతలోనే మల్లన్న. లింగాలఘనపురం మండలము మాణిక్యాపురమువాడైన చుక్క సత్తయ్య (1935–2017) ఈ విద్యలో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము నందెను. ఒక దేహములో పది పాత్రలను నిలుపుట నటవిద్యలో సామాన్యమైన పాఠమా?

పాలకుర్తి పాల్కురికి సోమనాథుని యూరు. 13వ శతాబ్దమువాడైన యా కవి పండితారాధ్యచరిత్రములో తన కాలపు ఆటలను, పాటలను, వేషములను, బొమ్మలాటలను వరుసగా పేర్కొన్నాడు. ఏడువందల యేండ్లకు పూర్వమే యొక మహాపండితుడు ప్రజల యాటను గ్రంథస్థము చేయదగినదిగా నెంచెను. నేటి పట్టభద్రునికి ఆ వినయము లేదు. జనగామ చెంతనే యున్న పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో, ఉలితో కొట్టి ఆకారము తెప్పించు శిల్పులున్నారు. రంగాలంకరణ నేర్వగోరువారు వారి కొలిమియొద్ద నొకదినము గడపవలెను.

మహబూబాబాదు జిల్లాలో లంబాడీ తండాలున్నవి. తీజ్ పండుగలో కన్నెపిల్లలు బుట్టలలో గోధుమ మొలకలు పెంచి, వాని చుట్టును తొమ్మిది దినములు పాడి యాడుదురు. అద్దములు కుట్టిన వారి వస్త్రములు ఆహార్యమునకు పాఠములు. డోర్నకల్లులో బిషప్పు అజరయ్యగారి కాలమున కట్టి 1939లో ప్రతిష్ఠించిన క్రైస్తవాలయమున్నది; హిందూదేవాలయపు స్తంభములును, మసీదుల గుమ్మటములును అందు నొక్కచోట చేరినవి. వేర్వేఱు మతముల శిల్పము నొక్క కప్పుక్రింద నిమిడ్చిన యా కట్టడము విద్యార్థికి కన్నులారా చూడదగినది.

యాత్ర కడపటి దినములు భూపాలపల్లివైపు. ఘనపురము కోటగుళ్లు కాకతీయుల నాటివి. అచ్చటినుండి పాలంపేట దూరము కాదు. 2019 వఱకు భూపాలపల్లి జిల్లాలో నుండి, నేడు ములుగు జిల్లాలో నున్న రామప్పగుడిని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెను. 2021లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వముగా గుర్తించెను. నటరాజ రామకృష్ణగారు (1923–2011) ఈ గుడి శిల్పములలోని భంగిమలను, జాయపసేనాని నృత్తరత్నావళిని ఆధారముగా గొని మఱుగుపడిన పేరిణిని మరల నిలబెట్టిరి.

ఇచ్చట మేము చెప్పవలసిన ముఖ్యమైన మాట యొకటి యున్నది. రామప్ప శిలలో నాట్యమాడు స్త్రీమూర్తి యెదుట మనము చేతులు జోడింతుము, ఛాయాచిత్రములు తీసికొందుము, ఇది మన సంస్కృతియని విదేశీయులకు చూపుదుము. ఊరి బయలున నాట్యమాడు సజీవురాలైన చిందు స్త్రీని మాత్రము గడపదాటి లోనికి రమ్మని యెందఱము పిలిచితిమి? మాదిగవాడల నాశ్రయించి బ్రతికిన కళ గనుక అది మన యింటి పిల్లలకు చూడదగినది కాదని యనుకొన్న కాలమున్నది. ఆ కాలము గడచినదని ఉపన్యాసములలో చెప్పుచున్నాము. గడచినయెడల, మన విద్యాయాత్రలు గుడివఱకు పోయి వాడవఱకు పోకుండుటకు కారణమేమి? ఢిల్లీ లండనుల మాట వట్టి సాకు. అసలు అడ్డము కులము.

ఇక నాక్షేపణలు. ఈ యాటలు మూఢవిశ్వాసములను పెంచునని కొందఱు సంస్కర్తలందురు. ప్రహ్లాదుని కథ పట్టణపు రంగస్థలముపై పద్యములతో నాడినపుడు కళయై, ఊరి బయలున నాడినపుడు మూఢత్వమెట్లగును? కథలో తప్పున్నచో విద్యార్థి ప్రశ్నించుగాక; ప్రశ్నించుటకైనను ముందు చూడవలెను గదా. పరీక్షలకు నష్టమందురు. సంవత్సరమున నేడుదినములు పోయినంత మాత్రమున చెడు చదువు, ఉన్నను నిలుచునది కాదు.

ఆడపిల్లలను ఏడు రాత్రులు బయటికి పంపుట యెట్లని తల్లులు భయపడుదురు. భయము సహజమే, తగిన ఉపాధ్యాయినులను, వసతిని అడుగుట వారి హక్కు. కాని మగపిల్లలను పంపి, ఆడపిల్లలను ఇంట నుంచుట పరిష్కారము కాదు. చిందులో స్త్రీలు తరతరములుగా వేషము గట్టుచున్నారు. 2005లో కన్నుమూసిన నిజామాబాదు జిల్లా చిందుల ఎల్లమ్మ యా విద్యచేతనే తెలుగునాట ప్రఖ్యాతి గాంచెను. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెఱువు త్రవ్వించి శాసనము వేయించినది కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ. ఆ శాసనము చదువుటకు ఆమె వంటి ఆడుబిడ్డలనే పంపమనుట ఏమి న్యాయము?

యాత్ర సాగు విధమునుగూర్చియు చెప్పవలెను. కళాకారులను వసతిగృహమునకు పిలిపించి, అరగంట ఆడించి, శాలువ కప్పి పంపుట యాత్ర కాదు. అది పాత దొరతనమునకు క్రొత్త పేరు. పూర్వము చిందువారికి కొన్ని గ్రామములపై మిరాశీ యుండెడిది. ఆడి, అడిగి తెచ్చుకొనవలసినదే. ఆ దైన్యమును మనము మరల నిలుపరాదు. కళాకారుని గురువని పిలిచి, కళాశాలలో ఉపన్యాసకునికిచ్చు వేతనమునకు తక్కువ గాకుండ ముందే నిర్ణయించి యియ్యవలెను. విద్యార్థులు వారి వాకిట చాపపై కూర్చుండి, అడుగు నేర్చి, మద్దెల పట్టి, వారి యింట వండిన యన్నము వారితో గూడి తినవలెను. ఈ కడపటిది లేనిచో తక్కినదంతయు వేడుక మాత్రమే.

పాఠశాల పంపిన యాత్రాపత్రముపై చేవ్రాలు చేయకముందు తలిదండ్రులు మూడు ప్రశ్నలడుగుడు. మా బిడ్డ యెవరియొద్ద నేర్చుకొనును? ఆ గురువునకెంత ముట్టును? ఆ గురువింట మా బిడ్డ భోజనము చేయునా? మూడింటికిని సరియైన సమాధానము వచ్చినచో వెంటనే చేవ్రాలు చేయుడు. రానిచో ఆ పత్రమును త్రిప్పి పంపి, కారణమును దానిపైననే వ్రాయుడు.