ఆట మానేసే ముందు.. అట్ట మార్చి చూడండి!

మా అక్క కొడుక్కి పద్నాలుగేళ్ళు. పుట్టిందీ పెరుగుతున్నదీ కెనడాలోని కాల్గరీలో. మనకి సందుకో క్రికెట్ టీమ్ ఉన్నట్టే వాళ్ళకి పేటకో ఐస్ హాకీ టీమ్. వీడు ఏడేళ్ళప్పటి నుంచీ ఆడుతున్నాడు. కానీ మొన్న జులైలో సెలవులకి ద్రాక్షారామం వచ్చినప్పుడు హాకీ మాటెత్తితే చాలు, ఫోన్‌లోకి తల దూర్చేస్తున్నాడు.

రెండో రోజు రాత్రి మేడ మీద పడుకున్నాక మెల్లిగా బయటపెట్టాడు.

"మామయ్యా, ఈ ఇయర్ నేను ఆడను. అమ్మకి నువ్వే చెప్పవా?"

ఏమైందిరా అంటే ఒక్కొక్కటీ చెప్పాడు. ఐస్ మీదకి దిగిన పది నిమిషాలకే అరికాళ్ళు మంట. వేళ్ళు కొంకర్లు పోతాయట. హాకీలో ఒక్కొక్కరు ముప్పావు నిమిషం ఆడి బెంచీకి వచ్చేస్తారు కదా, వచ్చిన ప్రతిసారీ వీడు లేసులు వదులు చేసుకోవాల్సిందే. "నీ చీలమండలు వీక్" అని ఎవరో అన్నారట. అది పట్టుకున్నాడు.

"నాకు ఆ బాడీ లేదేమో మామయ్యా."

పద్నాలుగేళ్ళ వాడి నోట ఆ మాట వింటే నాకు నిద్ర పట్టలేదు.

మెట్ల మీద తడి అడుగులు

మర్నాడు పొద్దున్నే అమ్మ మా ఇద్దర్నీ భీమేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళింది. సప్తగోదావరి కుండంలో కాళ్ళు కడుక్కుని పొడి మెట్లు ఎక్కుతున్నాం. వెనకాల వస్తున్న అమ్మ ఆగిపోయింది.

"ఒరేయ్, వీడి అడుగులు చూడరా. అచ్చం మీ నాన్నగారి కాళ్ళే!"

చూశాను. నా అడుగులో మడమ ఒకచోట, ముందుభాగం ఒకచోట పడి, రెండింటికీ మధ్య సన్నటి పట్టీలా తడి ఉంది. వాడిది అలా కాదు. ఇటుక ముంచి అచ్చేసినట్టు పాదం మొత్తం పడింది. ఆరిపోయేలోపు ఫోన్‌లో ఫొటో తీశాను.

ఒక్కో పాదంలో 26 ఎముకలుంటాయి. అవి మధ్యలో చిన్న వంతెనలా పైకి లేచి ఉంటాయి. అదే పాదం వంపు. బరువు పడితే కాస్త దిగుతుంది, తీసేస్తే లేస్తుంది. స్ప్రింగ్ లాంటిదన్నమాట. కొందరిలో ఇది మరీ దిగిపోయి, పాదం లోపలివైపుకి ఒరుగుతుంది. దాన్నే చదును పాదం, ఫ్లాట్ ఫుట్ అంటారు.

భయపడాల్సింది కాదండి. చిన్నపిల్లల్లో ఇది మామూలే. చాలామందికి పదేళ్ళు వచ్చేసరికి వంపు ఏర్పడుతుంది. ఏర్పడకపోయినా, నొప్పి లేకపోతే చెయ్యాల్సింది ఏమీ లేదు. మా నాన్నగారు ఆ కాళ్ళతోనే జీవితమంతా పొలం గట్లమీద తిరిగారు.

మరి వీడికెందుకు నొప్పి? నాన్నగారు నడిచింది నేలమీద. వీడు నిలబడేది 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పట్టీ మీద! హాకీ స్కేట్ బ్లేడు అంతే ఉంటుంది. పాదం లోపలికి ఒరిగితే బ్లేడు కూడా ఒరుగుతుంది. ఒరిగిపోకుండా ఆపడానికి కాలివేళ్ళు బూటు లోపల గట్టిగా ముడుచుకుంటాయి. గంటసేపు గుప్పిట బిగించి ఉంచితే చెయ్యి ఏమవుతుంది? కాలికీ అదే అవుతుంది. మంట, కొంకర్లు అందుకే.

"అమ్మమ్మ చెప్పులు పెట్టేసుకోనా?"

దర్శనం అయ్యాక అమ్మ తన నల్లచెప్పులు వేసుకుంది. షుగర్ ఉంది కాబట్టి డాక్టరు గారు ఎమ్‌సీఆర్ చెప్పులే వేసుకోమన్నారు. వాడు ఒకటి చేతిలోకి తీసుకుని నొక్కి చూశాడు.

"అమ్మమ్మా, ఎంత సాఫ్ట్‌గా ఉన్నాయో! ఇలాంటిది నా స్కేట్‌లో పెట్టేసుకుంటే అయిపోద్ది కదా?"

మనందరం చేసే తప్పు సరిగ్గా ఇదే. కాలు నొప్పి అనగానే 'మెత్తటిది' కొంటాం.

ఆ చెప్పుల కథ కొంచెం తెలుసుకోవాలి. ఎమ్‌సీఆర్ అంటే మైక్రో సెల్యులర్ రబ్బర్. లోపల సన్నసన్నటి గాలి గదులుంటాయి. 1950ల్లో మన పక్కనే వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఈ రబ్బరుతో కుష్ఠు రోగులకి చెప్పులు చేయించారు. స్పర్శ పోయిన పాదాలకి పుండ్లు పడుతుంటే, అది రోగం కుళ్ళబెట్టడం వల్లే అనుకునేవారు. ఆయన గమనించింది వేరు. ఒకేచోట పదేపదే బరువు పడుతోంది, నొప్పి తెలియదు కాబట్టి మనిషి కాలు మార్చుకోవడం లేదు, అందుకే పుండు. ఆ బరువుని పాదమంతా పంచితే పుండు పడే అవకాశం తగ్గుతుంది.

అంటే ఆ చెప్పు అసలు పని బరువు పంచడం. అందుకు అమ్మకి మెత్తదనం కావాలి. స్కేటింగ్ చేసే పాదానికీ బరువు పంచాల్సిందే, కానీ మెత్తదనంతో కాదు. మెత్తటి స్పాంజి మీద ఒరిగే పాదం ఇంకా ఒరుగుతుంది. మధ్యలో కుంగిపోయిన నులక మంచం మీద పడుకుంటే నడుం ఎలా అవుతుందో తెలుసు కదా? అదీ మెత్తగానే ఉంటుంది మరి. వాడికి కావాల్సింది మడమని కదలకుండా పట్టుకునే గిన్నె, వంపు కింద ఖాళీని నింపే గట్టి ఆసరా.

ఆ రాత్రి బావగారికి వీడియో కాల్ చేశాం. వాడి స్కేట్ లోపలి అట్ట బయటికి లాగి చూపించమన్నాను. లాగారు. పెళ్ళి శుభలేఖ కంటే కొంచెం మందం, అంతే! కొన్ని వందల డాలర్లు పోసి కొన్న స్కేట్‌లో ఉన్నది చదునైన ఫోమ్ ముక్క. ఇందులో మోసమేం లేదు. పాదాలు అందరివీ ఒకలా ఉండవు కాబట్టి చాలా స్కేట్‌లలో పల్చటి అట్ట వేసి వదిలేస్తారు. దాన్ని తీసి మనకి సరిపడేది వేసుకోవచ్చు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

కొనేముందు ఇవి చూసుకోండి

1. ముందు సైజు. "పెరిగే కాళ్ళు కదా" అని జూన్‌లో రెండు సైజులు పెద్ద బూట్లు కొనడం మన జాతీయ అలవాటు. స్కేట్‌లకి అది అస్సలు పనికిరాదు. మామూలు బూటు సైజు కంటే హాకీ స్కేట్ సాధారణంగా ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువ ఉంటుంది. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకి అలా తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి రావాలి. మడమ లేవకూడదు. సైజే తప్పయితే ఏ ఇన్‌సోల్ వేసినా దండగే.

2. తర్వాత లేసులు. ఇది ఫ్రీ వైద్యం. పాదం మధ్యలో మరీ బిగిస్తే తిమ్మిరి, నొప్పి వస్తాయి. అక్కడ కాస్త వదిలి, చీలమండ దగ్గర బిగించి ఒకరోజు ఆడి చూడండి.

3. తడి అడుగు పరీక్ష. కాళ్ళు తడిపి పొడి గచ్చుమీదో పాత పేపరు మీదో నిలబడండి. మధ్యలో సగం పడితే మామూలు వంపు, మొత్తం పడితే తక్కువ వంపు, అసలు పడకపోతే ఎక్కువ వంపు. తర్వాత మునివేళ్ళ మీద లేచి చూడండి. అప్పుడు వంపు కనిపిస్తే పాదానికి సాగే గుణం ఉన్నట్టు. కనిపించకుండా పాదం బిగుసుకుని ఉంటే కొనడం ఆపి డాక్టర్‌కి చూపించండి.

4. చదును పాదానికి ఎత్తు వంపు వద్దు. "వంపు లేదు కదా, ఎక్కువ ఎత్తున్నది పెడితే సరి" అనిపిస్తుంది. పొరపాటు. గులకరాయి మీద నిలబడినట్టు గుచ్చుకుంటుంది. తక్కువ లేదా మధ్యరకం వంపుతో మొదలెట్టాలి. ఇన్‌సోల్‌ని నేలమీద పెట్టి, దానిమీద ఒంటికాలి మీద నిలబడండి. మడమ గిన్నెలో కూర్చోవాలి, వంపు తగిలీ తగలనట్టు ఉండాలి. వేలితో నొక్కితే ఆసరా భాగం ఇట్టే కుంగిపోకూడదు.

5. మందం చూడండి. పరుగు బూట్ల ఇన్‌సోల్ తెచ్చి స్కేట్‌లో పెడితే మడమ పైకి లేచి బూటులో పట్టు పోతుంది. స్కేట్‌ల కోసమే పల్చగా చేసినవి ఉన్నాయి. సూపర్‌ఫీట్ వాళ్ళవి ఉన్నాయి, బాయర్ వాళ్ళ స్పీడ్ ప్లేట్‌ని వేడి చేసి పాదం ఆకారానికి మలుచుకోవచ్చు. పేరు ఏదైనా పైన చెప్పిన పరీక్ష మాత్రం మానొద్దు.

6. పాతది తీసేయండి. పాత అట్ట మీద కొత్తది పెట్టకూడదు. పాతదాన్ని కొత్తదానిపై పెట్టి గీత గీసి, వేళ్ళ వైపు మాత్రమే కొద్దికొద్దిగా కత్తిరించండి. మడమ వైపు కత్తెర పెట్టొద్దు. తక్కువ కోస్తే మళ్ళీ కోయొచ్చు, ఎక్కువ కోస్తే అతకలేం.

7. కాస్త టైమివ్వండి. మొదటి నాలుగైదు సార్లు కొత్తగా అనిపిస్తుంది. ముందు ఇంట్లో అరగంట మామూలు బూట్లలో వేసుకుని తిరగండి. కొత్తగా ఉండటం వేరు, సూది గుచ్చినట్టు నొప్పి, తిమ్మిరి వేరు. రెండోది ఉంటే తీసేయండి.

ఆడాక ఇన్‌సోల్ బయటికి తీసి నీడలో ఆరబెట్టడం మర్చిపోవద్దు. కంపు ఉండదు, బ్లేడు బిగించిన రివిట్లకి తుప్పూ త్వరగా పట్టదు. మన గోదావరి ఉక్కపోతలో అయితే ఇది మరీ ముఖ్యం. మడమ గిన్నె అణిగిపోయిందంటే మార్చే టైమ్ వచ్చినట్టే.

ఇక ఖర్చు. రెడీమేడ్ జత అక్కడ కొన్ని పదుల డాలర్లలో వస్తుంది. పాదం అచ్చు తీసి చేయించుకుంటే కొన్ని వందలు. ముందు చవకది. అది పనిచేయకపోతేనే పెద్ద ఖర్చు, అదీ డాక్టర్ చెబితేనే.

మనకెందుకు ఈ గోల?

"ద్రాక్షారామంలో ఐస్ ఎక్కడ దొరుకుద్ది, జ్యూస్ షాపులో తప్ప?" అనకండి. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో ఐస్ స్కేటింగ్ స్వర్ణం గెల్చింది తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తల్లూరి. అదే ఏడాది మన మహిళల ఐస్ హాకీ జట్టు ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. చక్రాల స్కేటింగ్‌కొస్తే, హైదరాబాదీ అనూప్ కుమార్ యామాకి 2015లో అర్జున అవార్డే వచ్చింది. వైజాగ్‌లో సాయంత్రంపూట రింక్ దగ్గరికెళ్తే ఇన్‌లైన్ స్కేట్లతో దూసుకుపోయే పిల్లలు ఎంతమందో. వాళ్ళ బూట్ల లోపల కూడా చాలావరకు ఇలాంటి అట్టముక్కలే.

స్కేట్లే ఎందుకు? క్రికెట్ స్పైక్స్, షటిల్ షూ, రోజంతా నిలబడే ఉద్యోగంలో వేసుకునే బూటు.. అన్నిటికీ సూత్రం ఒకటే. బరువు ఒక్కచోట పడకూడదు, మడమ ఊగకూడదు. మందం మాత్రం బూటుని బట్టి మారుతుంది.

ఇన్‌సోల్ మంత్రదండం కాదు. ఒంటికాలి మీద నిలబడటం, మునివేళ్ళ మీద లేచి దిగడం లాంటి వ్యాయామాలు చీలమండలకి బలాన్నిస్తాయి. మా వాడు ఉన్న మూడు వారాలూ పళ్ళు తోముకుంటూ కొంగలా ఒంటికాలి మీద నిలబడేవాడు. అమ్మ చూసి ఒకటే నవ్వు.

అక్టోబర్‌లో ఫోన్ చేశాడు. స్కేట్ సైజు సరిపోయిందట. మధ్యరకం వంపు ఇన్‌సోల్ వేశారు. మొదటి రెండు వారాలు ఏదోలా ఉందన్నాడు. ఇప్పుడు ఆట మధ్యలో లేసులు విప్పడం లేదు. కుడికాలు మాత్రం అప్పుడప్పుడు ఇంకా లాగుతోంది, దానికి పాదాల డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నారు.

"అయితే ఈ ఇయర్ ఆడతావా?" అన్నాను.

"ఆల్రెడీ ఆడేస్తున్నా మామయ్యా. అమ్మమ్మకి చెప్పు, నాది తాతయ్య పాదమని టీమ్‌లో అందరికీ చెప్పేశాను."

మీ ఇంట్లో కూడా "నాకు ఆ బాడీ లేదు" అంటూ బ్యాట్‌నో స్కేట్‌నో మూలపెట్టేసిన వాళ్ళుంటే, ఈసారి వాళ్ళ బూటు లోపలి అట్ట ఒకసారి లాగి చూడండి.