ఊరి చుట్టూ ఒక వారం

వారం రోజులు సెలవు దొరికితే అరకో ఊటీయో పోవాలి, అంత స్తోమత లేకపోతే ఇంట్లో కూర్చోవాలి అన్న లెక్క మన మధ్య ఎప్పుడో స్థిరపడిపోయింది. మా ఎ.కొండూరు మండలంలో చాలా ఇళ్లు ఆ రెండో లెక్కలోకే వస్తాయి. మామిడి తోటలు గుత్తకు తీసుకునేవాళ్లు, పత్తి తీతకు పోయేవాళ్లు, తెల్లారకముందే క్యారేజీ కట్టుకుని ఆటో ఎక్కే తండాల ఆడవాళ్లు, నాలాంటి ప్రైవేటు బడి పంతులమ్మలు. వేసవిలో నాకు జీతం రాదు. అదే వేసవిలో మా ఆయనకి మామిడి మండీ గుమాస్తా పనిలో ఊపిరాడదు. కనుక ఎండాకాలం సెలవులు మాకు సెలవులు కావు. ఇంటిల్లిపాదికీ కలిసొచ్చేవి దసరా సెలవులే.

గత దసరాకి ఆ సెలవుల్లో ఒక వారం మా చుట్టుపక్కలే తిరిగాం. ఖర్చు ఐదు వేలు దాటకూడదని ముందే అనుకున్నాం. ఐదుగురం: అత్తమ్మ, మేమిద్దరం, పదో తరగతి అమ్మాయి, ఆరో తరగతి పిల్లాడు. రాత్రికి ఇంటికే వచ్చేయాలి, మధ్యాహ్నం భోజనం ఇంటినుంచే పట్టుకెళ్లాలి, రెండు రోజులు తిరిగితే ఒక రోజు విశ్రాంతి. ఇంతే మా ప్రణాళిక. ఆ వారం తర్వాత నాకొక అభిప్రాయం గట్టిపడింది. దగ్గర్లో తిరిగి రావడాన్ని లేనివాళ్ల సర్దుబాటుగా చూడటం మానేయాలి. పిల్లలకి తమ నేల తెలియడానికి అంతకన్నా మంచి దారి లేదు. దానికి అడ్డుపడేది డబ్బు ఒక్కటే అనుకుంటాం గానీ, డబ్బుకన్నా ముందు అడ్డుపడేవి వేరే ఉన్నాయి.

డబ్బు సంగతి మొదట చెబుతాను. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టిస్తాడు. దాంతో మా అయిదుగురిలో ముగ్గురికి బస్సు ఖర్చు లేకుండా పోయింది. ఈ పథకం గురించి ఎవరు ఎన్ని వాదనలు చేసినా, అత్తమ్మలాంటి మనిషి విషయంలో అది ఏం చేసిందో నేను కళ్లారా చూశాను. ఎప్పుడు ఎక్కడికి రమ్మన్నా “నాకెందుకమ్మాయ్, నా టికెట్టు డబ్బులతో పిల్లలకేమన్నా కొనిపెట్టు” అనేది. ఈసారి ఆ మాట రాలేదు. ఆధార్ కార్డు రుమాల్లో చుట్టుకుని అందరికన్నా ముందు తయారై కూర్చుంది.

మాకున్న ఇంకో కలిసొచ్చే విషయం రోడ్డు. ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం దాటి ఛత్తీస్‌గఢ్‌లోకి పోయే 30వ నెంబరు జాతీయ రహదారి మా మండలం మీదుగానే వెళుతుంది. బెజవాడ వైపు బస్సెక్కితే కొండపల్లి. అటువైపు తిరువూరు దాటితే తెలంగాణ. తూర్పుకి విస్సన్నపేట మీదుగా పోతే గుంటుపల్లి. పండగ రోజుల్లో బెజవాడలో దుర్గమ్మ దర్శనానికి ఇసకేస్తే రాలనంత జనం, ముసలావిడతో ఆ తోపులాటలోకి వెళ్లొద్దని ముందే అనుకున్నాం. అమ్మవారిని కార్తీకంలో చూసుకోవచ్చు.

కొండపల్లి బొమ్మ లేని ఇల్లు మా వైపు తక్కువ. మా షోకేసులో ఏనుగు అంబారీ నా పెళ్లినాటిది. అయినా ఆ బొమ్మ తయారయ్యే చోటికి మా పిల్లలు అంతవరకు పోలేదు. బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, అక్కడి అమ్మ ఒక తెల్లపొణికి ముక్క మా వాడి చేతిలో పెట్టింది. అంత ముక్కా చేతిలో ఉన్నట్టే లేదు. బొమ్మని ఒకే కొయ్యలో చెక్కుతారనుకున్నాం ఇన్నాళ్లూ. చేతులు వేరు, కాళ్లు వేరు, తల వేరు, నెత్తిన గంప వేరు. విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు కనపడకుండా నునుపు చేసి, తెల్ల సున్నం పూసి, ఆరాక రంగులు వేస్తారు. ఆవిడ పళ్లబిగువున ఊపిరి పట్టి ఒక తాటిచెట్టు గీత కార్మికుడికి మీసం గీసింది, రెండే రెండు వెంట్రుకల కుంచెతో. మా అమ్మాయి అది చూసినంతసేపూ ఫోను తీయలేదు. అక్కడ రెండు వందలకి ఒక చిన్న బొమ్మ కొన్నాం. చుట్టుపక్కల అడవుల్లో పొణికి చెట్లు తగ్గిపోతున్నాయని, కొయ్య దొరకడం కష్టమవుతోందని ఆవిడ చెప్పింది. బొమ్మ బతకాలంటే ముందు చెట్టు పెంచాలి. ఆ మాట నా తెలుగు క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా మా వాడి తలకెక్కేది కాదు, అరుగు మీద ఒక్కసారికే ఎక్కింది.

కొండపల్లి కోట గురించి ఎక్కువ రాయను. కొండవీటి రెడ్ల కాలంలో, పద్నాలుగో శతాబ్దంలో లేచిన కోట. గజపతుల చేతిలోకి పోయింది, కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో పట్టుకున్నాడు, 1766లో ఇంగ్లీషువాళ్ల వశమైంది. ఇంత చరిత్రా పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలు. పైన మూడంతస్తుల రాతి బురుజు కింద నిలబడితే మాత్రం పిల్లలు అడిగే ప్రశ్నలకి ఆ రెండు వాక్యాలు చాలవు. ఇంత రాయి పైకి ఎలా మోశారు, కోటలో నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చేవి అని అడుగుతూనే ఉన్నారు.

నీళ్ల ప్రశ్న మా పిల్లలే అడగాలి. మా మండలం పేరు పేపర్లకెక్కింది కిడ్నీ జబ్బుల వల్ల. తండాల్లో నడివయసు దాటకుండానే డయాలసిస్‌కి తిరిగే మనుషుల్ని మేం రోజూ చూస్తాం. బోరు నీళ్లంటే మాకు భయం. ఎక్కడికి పోయినా ఇంటినుంచి నీళ్ల టిన్ను మోసుకుపోవడం మా అలవాటు. పొరుగు జిల్లా వాళ్లు ఎవరైనా “మీదే ఊరు” అని అడిగితే, పేరు చెప్పగానే “ఆ కిడ్నీల ఊరేగా” అంటారు. ఆ బాధ తీరాలి, ప్రతి ఇంటికీ శుద్ధమైన నీళ్లు రావాలి, అందులో రెండో మాట లేదు. దాంతోపాటు నాకు ఇంకొకటి కూడా కావాలి. మా పిల్లలకి తమ ప్రాంతం గురించి తెలిసింది జబ్బు ఒక్కటే కాకూడదు. రెండు వేల ఏళ్ల క్రితం మనుషులు కొండని తొలిచి గుడి కట్టుకున్న నేలకి తాము పొరుగువాళ్లమని కూడా వాళ్లకి తెలియాలి.

ఆ నేల గుంటుపల్లి. ఏలూరు జిల్లా కామవరపుకోట మండలం, జీలకర్రగూడెం పక్కన. విస్సన్నపేట, చింతలపూడి మీదుగా కామవరపుకోట దాకా బస్సుల్లో పోయి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాం. పురావస్తు శాఖ టికెట్టు పెద్దవాళ్లకి పాతిక రూపాయలు, పిల్లలకి లేదు. గుర్రపు నాడా ఆకారంలో వంగిన కొండ, మధ్యలో చెట్లు, మెట్లు. వానాకాలం అప్పుడే వెళ్లిపోతూండటంతో రాయి రాయికీ మధ్య పచ్చ.

అత్తమ్మ మోకాళ్ల నొప్పులు తెలిసి కూడా తీసుకొచ్చామని నేను బెంగపడుతుంటే, ఆవిడ కర్ర పట్టుకుని నెమ్మదిగా గుండ్రటి చైత్యం దాకా ఎక్కేసింది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం ప్రాంతంలో తొలిచిన గుహ అది. నేలంతా గుండ్రం, నడిమధ్య రాతి స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణకి దారి. చుట్టుపక్కల జనం ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తూ వచ్చారు. అత్తమ్మ లోపలికి వెళ్లి దణ్ణం పెట్టుకుని తలెత్తి పైకప్పు చూసింది. చూసి కాసేపు అలాగే ఉండిపోయింది.

“అమ్మాయ్, ఇది చుట్టిల్లేనే” అంది.

అత్తమ్మ పుట్టిల్లు దివిసీమ. సముద్రపు గాలికి తట్టుకునేలా గుండ్రంగా గోడపెట్టి తాటాకు నేసిన చుట్టిళ్లలో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ చెప్పాకే నేనూ పైకి సరిగ్గా చూశాను. నట్టనడి కొన నుంచి చుట్టూ కిందికి దిగే వాసాలు, వాటికి అడ్డంగా కట్టిన బద్దెలు, అన్నీ రాతిలోనే. రాయికి వాసాలు అవసరం లేదు. కొయ్యతో, ఆకుతో ఇళ్లు కట్టుకునే చేతులు మొదటిసారి రాయిని పట్టుకున్నప్పుడు తమకు తెలిసిన ఇంటినే చెక్కాయి. బీహారులో బరాబర్ కొండల్లోని లోమశ రుషి గుహ వాకిలి కూడా కొయ్య ఇంటి రూపాన్నే రాతిలో దించుకుందని పుస్తకాల్లో చదివాను. పుస్తకాల్లో చదివిన నాకు తోచనిది, బడి మొహం చూడని మా అత్తమ్మకి ఒక్క చూపులో తెలిసింది.

పిల్లలు పైకి పోయి, కొండ మీద బారులు తీరిన చిన్న చిన్న స్తూపాల మధ్య గంటసేపు తిరిగారు. మహామేఘవాహన వంశపు సిరిసద రాజు శాసనం అక్కడ దొరికిందని బోర్డు చూసి అమ్మాయి చెప్పింది. పులిహోర, పెరుగన్నం చెట్టుకింద తిన్నాం. ఆ వారంలో మాకు ఎక్కువ ఖర్చయింది ఈ ఒక్క రోజే, రానుపోను ఆటోకి. బస్సుల్లో తొంభై పాళ్ల దూరం దాదాపు ఊరికే వచ్చి, మిగిలిన పది పాళ్లకి ఆ రోజు డబ్బంతా పోసినట్టయింది.

మిగిలిన రోజుల సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. గంపలగూడెం మండలం నెమలిలో వేణుగోపాలస్వామిని చూసుకున్నాం. నేల తవ్వుతుంటే బయటపడిన విగ్రహానికి అంత పెద్ద గుడి లేవడం మా తరానికి ముందు తరం వాళ్లు కళ్లతో చూసిన సంగతి కాబట్టి, ఆ కథ పుస్తకంలో కన్నా గుడి అరుగు మీదే బాగుంటుంది. తిరువూరు దాటి పెనుబల్లి దగ్గర అడవిలో నీలాద్రీశ్వరుడి గుట్ట. రాష్ట్రం దాటే బస్సుల్లో సున్నా టికెట్టు లేదు, అందరికీ డబ్బు కట్టాం, అయినా ఆ అడవి దారికి ఆ డబ్బు పెద్ద లెక్క కాదు. మైలవరంలో ఒక సాయంత్రం ఊరికే నడిచాం. మైలవరం జమీందారు పోషించిన బాలభారతీ నాటక సమాజం పద్యం ఒకప్పుడు ఆంధ్రదేశమంతా మోగిందని, ఆ ఊరి బస్టాండులో నిలబడి పిల్లలకి చెప్పాను. చూపించడానికి మాత్రం అక్కడ ఒక్క బోర్డు కూడా నాకు దొరకలేదు.

ఇప్పుడు అడ్డుపడే విషయాలు. మేం వెళ్లిన ఒకచోట మరుగుదొడ్డి గదికి తాళం. అమ్మాయి పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేసింది, బయటికి చెప్పలేదు. ఇంకోచోట సాయంత్రం బస్సు ఎన్నింటికో చెప్పే మనిషి లేడు, బోర్డు లేదు. చీకటి పడుతుందన్న భయంతో చూడాల్సింది సగంలో వదిలేసి పరిగెత్తాం. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు ఉన్న ఇల్లు దగ్గర్లోని చోటికి కూడా వెళ్లకపోవడానికి కారణం ఇదే. కారున్నవాడికి ఇవేవీ తెలియవు. పర్యాటకం అనగానే రిసార్టులు, రోప్‌వేలు, అద్దాల వంతెనలు అని ప్రణాళికలు వేసేవాళ్లు ఒకసారి పల్లెవెలుగు బస్సులో బయల్దేరి రావాలి.

సెలవూ ప్రయాణమూ కలిసి శ్రామికుడి హక్కు అన్న ఆలోచన కొత్తది కాదు. ఫ్రాన్సులో 1936లో పెద్ద సమ్మెల తర్వాత అక్కడి ప్రభుత్వం ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టం చేసింది. సెలవొక్కటి ఇచ్చి ఊరుకోలేదు. ఆ వేసవిలోనే లియో లగ్రాంజ్ అనే యువ మంత్రి చొరవతో కార్మిక కుటుంబాలకి రైలు టికెట్టులో 40 శాతం తగ్గించారు. తమ దేశపు సముద్రాన్ని ఆ ఏడే మొదటిసారి చూసిన కుటుంబాలు ఎన్నో. మన దగ్గర 1948 ఫ్యాక్టరీల చట్టం, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతం సెలవు ఇచ్చింది. పత్తి చేలో వంగే మనిషికి అది వర్తించలేదు, నాకూ వర్తించలేదు. సర్కారు ఉద్యోగికి విహారయాత్రల రాయితీ ఉంది. ఎవరికి ఉన్నదాన్నీ తీసేయమనడం లేదు. ఏమీ లేనివాళ్లకి కూడా ఏడాదికి నాలుగు రోజులు తమ జిల్లా తాము చూసుకునే వీలు కల్పించమంటున్నాను. ఉచిత బస్సుతో దానికి సగం దారి పడింది. మిగతా సగానికి కోట్లు అక్కర్లేదు.

నేను అడిగేవి చిన్నవి. తిరువూరు డిపో నుంచి దసరా, సంక్రాంతి సెలవుల్లోనూ కార్తీక మాసంలోనూ వారానికొకసారి ఒక బస్సు వేయండి. పొద్దున్నే విస్సన్నపేట మీదుగా గుంటుపల్లి కొండ పాదం దాకా పోవాలి, సాయంత్రం నాలుగింటికి అక్కణ్ణుంచే తిరిగి రావాలి. ఇంకో వారం అదే బస్సు ఎ.కొండూరు, మైలవరం మీదుగా కొండపల్లి కోట దాకా పోవచ్చు. మామూలు పల్లెవెలుగు చాలు. మేం చూసిన ప్రతిచోటా తాగునీళ్లు, తాళం లేని మరుగుదొడ్డి, తిరుగు బస్సు వేళ రాసిన తెలుగు బోర్డు ఉండాలి. చుట్టుపక్కల హైస్కూలు పిల్లలకి ఆ చోటి చరిత్ర నేర్పి, సెలవు రోజుల్లో వచ్చినవాళ్లకి చెప్పేలా తయారుచేస్తే వాళ్లకి నాలుగు రూపాయలు వస్తాయి, మాకు నాలుగు మంచి మాటలు తెలుస్తాయి. ఆ పని చేయడానికి మా బడి పిల్లల్ని పంపమంటే నేను రేపే పేర్లు రాసిస్తాను.

బస్సు నిండదని డిపోలో ఎవరికైనా అనుమానం ఉంటే, ముందుగా పంచాయతీ ఆఫీసు దగ్గర పేర్లు రాయించుకోమనండి. మా వీధి నుంచే అత్తమ్మ స్నేహితురాళ్లు కొందరు తయారుగా ఉన్నారు. తండాలో మా బడికి పిల్లల్ని పంపే తల్లులు కొందరు, ఒక రోజు కూలి పోయినా సరే వస్తామన్నారు. వాళ్లు ముందుగా అడిగిన ప్రశ్న టికెట్టు ధర కాదు, పొద్దుగూకేలోపు ఇంటికి చేరుస్తారా అని. ఈ దసరాలోపు ఆ ప్రశ్నకి డిపో నుంచి జవాబు రావాలి.